నాకు ఈత వచ్చు

మా జిల్లా వర్షపాత గణాంకాల కార్యాలయంలో పనిచేసే ముప్ఫై ఎనిమిది మందికీ ఈత వచ్చని ప్రభుత్వానికి తెలిసిన రోజున, నేను నా బల్ల ముందు కూర్చుని రోజువారీ నివేదికలో 'వర్షం లేదు' అని రాస్తున్నాను. మా ప్రాంతంలో వాన పడదు. పడే వానను కొలవడానికి ఒక గాజు గొట్టం చాలు గాని, పడని వానను కొలవడానికి ఎక్కువ మంది సిబ్బంది కావాలని పూర్వం ఒక సంఘం తేల్చిందట. మా ఊరి ఏట్లో ఇసుక ఉంటుంది, ఇసుకలో లారీలు ఉంటాయి. నీళ్ళను మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మాకు ఈత ఎలా వచ్చిందో చెప్పాలంటే వేసవిలో వచ్చిన ఒక ఉత్తర్వు దగ్గర మొదలుపెట్టాలి. దాని పేరు 'స్వీయ అంతర్జాల పుట, స్వీయ తాజాకరణ పథకం'. ప్రతి ఉద్యోగికీ సొంతంగా ఒక వెబ్‌పేజీ ఉండాలి. దాన్ని మార్చుకోవడం అతనే నేర్చుకోవాలి, అతనే ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉండాలి. 'తద్ద్వారా ఉద్యోగి ప్రజలకు తెలియుటయే గాక, తనకు తాను కూడా తెలియవచ్చును' అని ఉంది అందులో. రాసినవారెవరో గాని, ఆ చివరి మాట నాకు నచ్చింది.

నేను ఒంటరిగా ఉంటాను. సాయంత్రాలు నా బ్లాగులో నా గురించి రాసుకుంటాను. దానికి ఇద్దరు పాఠకులు. ఒకణ్ణి నేనే. రెండో ఆయన దారి తప్పి వచ్చినట్టున్నాడు, మొహమాటం కొద్దీ వెళ్ళలేకపోతున్నాడు. 'నేను పిరికివాణ్ణి' అని ఒకనాడు రాస్తాను. కొన్నాళ్ళకు అది గొప్పలు చెప్పుకోవడంలా తోస్తుంది. 'మార్చు' అనే బొత్తాం నొక్కి 'నేను జాగ్రత్తపరుణ్ణి' అని దిద్దుతాను. మళ్ళీ కొన్నాళ్ళకు అదీ చెరిపేస్తాను. మనిషి మనసు చేసే పనే ఆ బొత్తాం కూడా చేస్తుంది. కాకపోతే మనసు చెరిపినట్టు మనకు చెప్పదు. అందుకని ఆ బొత్తాం మీద నాకు మనసు మీద కంటే ఎక్కువ నమ్మకం. దాన్ని ప్రభుత్వం అందరికీ పంచుతోందంటే సంతోషించాను.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి హరనాథ్ అనే మాస్టర్ ట్రైనర్ వచ్చారు. మా ఆఫీసులో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. అవి కొత్తవి, వాడితే పాతబడతాయని అట్టపెట్టెల్లోనే ఉంచారు. కాబట్టి హరనాథ్ గారు సమావేశ మందిరంలో నల్లబల్ల మీద సుద్దముక్కతో కంప్యూటర్ తెర గీశారు. తెరకు కుడివైపు ఒక చిన్న పెట్టె గీసి అందులో 'మార్చు' అని రాశారు. ఒక్కొక్కరం వెళ్ళి దాన్ని వేలితో నొక్కి రావాలి.

సీనియర్ టైపిస్టు ఓబులమ్మ నొక్కి, వేలు చూసుకుంది.

"ఏమీ కాలేదు గదప్పా. సుద్ద అంటుకున్యాది, అంతే."

"ప్రక్రియ మీద దృష్టి పెట్టండి మేడమ్. ఫలితం మీద కాదు," అన్నారు హరనాథ్ గారు.

"మా ఆఫీసులో నేను చేరినప్పట్నుంచీ అంతే కదా సార్," అని ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం నుంచి పేజీలో ఏం రాయాలో చెప్పారు. నమూనా ఒకటి బల్ల మీద రాశారు. 'నేను ఉత్సాహము గల వ్యక్తిని. ప్రజలతో కలసిమెలసి ఉండుట నాకు ఇష్టము. నాకు ఈత వచ్చు. ఎంతటి నదినైనను దాటగలను.' బల్ల మీద ఉన్నదాన్ని కాగితం మీదికి ఎక్కించడం మాకు ఒకటో తరగతి నుంచీ అలవాటు. అది నిజమా అని అడగడం ఏ తరగతిలోనూ అలవాటు కాలేదు. ముప్ఫై ఎనిమిది తలలు వంగాయి. మా జిల్లా అధికారి విరూపాక్షయ్య గారు ముందు వరసలో చేతుల కుర్చీలో కూర్చుని, అందరికంటే ముందు రాయడం పూర్తిచేసి, కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టారు. నేనూ రాశాను. ప్రజలతో కలసిమెలసి ఉండటం నాకు ఇష్టం అని రాస్తున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగినట్టు గుర్తు. మనసు ఆ సమయానికి కిటికీలోంచి బయటికి చూస్తోంది. చేతికి అడగడానికి ఎవరూ దొరకలేదు.

కాగితాలు వసూలు చేసుకుని వెళ్ళారు. దస్తూరీ చూడ్డానికేమో అనుకున్నాం. వారం తిరక్కముందే అవి రాజధానిలో ప్రభుత్వ వెబ్‌సైట్‌కి ఎక్కి, మా మా ఫొటోల కింద ప్రపంచమంతటికీ కనిపించసాగాయి.

నా పేజీ నా ఫోనులోనే చూశాను. 'చిదానందప్ప, సీనియర్ సహాయకుడు. నాకు ఈత వచ్చు.' మొదట నవ్వు వచ్చింది. ఇంకోసారి చదివాను. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ చదివాను. భుజాలు కొంచెం వెడల్పయినట్టు అనిపించింది. ఇది ప్రమాదం అనిపించి, తెల్లవారాక విరూపాక్షయ్య గారి గదికి వెళ్ళాను.

"సార్, నా పేజీలో ఒక తప్పు పడింది. మార్చుకుంటాను. అర నిమిషం పని. పాస్‌వర్డ్ ఇస్తే చాలు."

"ఎవురి పాస్‌వర్డ్?"

"నాదే సార్."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "నీది నీకెట్ల ఇస్తానప్పా? పాస్‌వర్డ్ అనేది అత్యంత గోప్యం. ఎవురికీ చెప్పగూడదని ఉత్తర్వులో ఉండాది. ఎవురికీ అంటే నీకు గూడా."

బల్ల కింద ఒక రేకుపెట్టె ఉంది. ముప్ఫై ఎనిమిది కవర్లు, లక్కముద్రలు వేసినవి, అందులో ఉన్నాయి. పెట్టె ఎల్లవేళలా అధికారి దగ్గరే ఉండాలట. ఇంటికి కూడా తీసుకెళ్తున్నారట.

"పోనీ సార్, మీరే మార్చండి. నాకు ఈత రాదు."

"ష్," అన్నారాయన, తలుపు వైపు చూసి. తర్వాత గొంతు సవరించుకుని ఉత్తర్వుల భాషలోకి మారారు. "సవరణ వేరు, తాజాకరణ వేరు. సవరణ అనగా నిన్నటి పుట అబద్ధమని ఒప్పుకొనుట. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అసత్య సమాచారం ఇచ్చినందుకు ముప్ఫై ఎనిమిది మందికీ మెమోలు. తాజాకరణ అనగా పరిస్థితి మారుట. నిన్న నీకు ఈత వచ్చును. నేడు మరచిపోతివి. దానికి నాకు అభ్యంతరం లేదు."

"అయితే మర్చిపోయినాను సార్."

"రుజువు?"

"మర్చిపోయినట్టు రుజువు ఎట్ల సార్?"

"నిన్ను నీళ్ళల్లో దించాల. ముగ్గురు సభ్యుల సంఘం ఒడ్డున కూచోని చూస్తాది. నువ్వు మునిగితే, ఈత మరచిపోయినాడని రాస్తారు."

"మునిగినాక?"

"మునిగినాక నీ పుట నువ్వే నిరభ్యంతరంగా మార్చుకోవచ్చు."

అర్జీ రాసి ఇచ్చాను. ఊళ్ళో మనిషి మునిగేంత నీళ్ళు లేవు కాబట్టి 'నీటి లభ్యతకు లోబడి పరిశీలించబడును' అని దాని మీద రాసి పక్కన పెట్టారు.

శ్రావణంలో కోస్తాలో వరదలు వచ్చాయి. ఏ శాఖలో ఎంతమంది ఈతగాళ్ళు ఉన్నారో చూడమని రాజధానిలో కంప్యూటర్‌ను అడిగారు. తక్కిన ఆఫీసులకు ట్రైనర్లు ఇంకా వెళ్ళలేదు. కంప్యూటర్ మా ఆఫీసు పేరు ఒక్కటే చెప్పింది. నూటికి నూరు శాతం. కరువు జిల్లాలో ఉంటూ ఇంతటి సంసిద్ధత ప్రదర్శించినందుకు కమిషనర్ గారు స్వయంగా ఫోను చేసి అభినందించారు. వరద విధులకు బయలుదేరమన్నారు.

ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరి ఫైళ్ళు వారు సర్దుకున్నారు. ఎవరికి వారు తమకొక్కరికే ఈత రాదనుకున్నారని నా అంచనా. మిగతా ముప్ఫై ఏడు మందీ అంత నిబ్బరంగా ఉండటం చూసి, ప్రతివాడూ నిబ్బరంగా ఉన్నాడు. ఓబులమ్మ మాత్రం మంచినీళ్ళ కుండ దగ్గర నన్ను ఆపింది.

"చిదానందా, నిజం చెప్పు. నీకొచ్చునా?"

"రాదక్కా."

"నాకూ రాదు. బిందెలో నీళ్ళు తొణికితేనే నాకు గుండె ఝల్లంటాది. సార్‌తో చెబుదామా?"

"చెప్పినాను. ముంచి చూస్తామన్నాడు."

ఆమె గ్లాసులో నీళ్ళు తాగకుండా తిరిగి కుండలో పోసేసింది.

ప్రయాణానికి ముందు పునశ్చరణ శిక్షణ అని హరనాథ్ గారినే మళ్ళీ పంపారు. ఆయన అదే నల్లబల్ల మీద ఈసారి నది గీశారు. మేం బెంచీల మీద బోర్లా పడుకుని చేతులు, కాళ్ళు ఆడించాలి. దాన్ని 'శుష్క ఈత' అంటారట. లెక్కల విభాగం అన్వర్ బాషాకు రెండో రోజుకల్లా వేగం వచ్చింది, బెంచీతో సహా గుమ్మం దాకా జరిగాడు. ఓబులమ్మ బోర్లా పడుకోనంటే ఆమెకు కుర్చీలో కూర్చుని ఈదే వెసులుబాటు ఇచ్చారు. కార్యాలయం మెట్ల మీద టీ అమ్మే ఆయన కిటికీలోంచి కాసేపు చూసి, ఆ రోజు టీలకు డబ్బులు తీసుకోలేదు.

విరామంలో హరనాథ్ గారు ఒంటరిగా నిలబడి ఉంటే వెళ్ళి అడిగాను.

"సార్, మీకు ఈత వచ్చా?"

ఆయన అటూ ఇటూ చూశారు. "నమూనా పైనుంచి వచ్చిందండీ. నేను చదివానంతే. నన్నూ మీతోపాటే పంపిస్తున్నారు." చివరి మాట చెప్పేటప్పుడు ఆయన చేతిలో సుద్దముక్క విరిగింది.

బస్సులో మావాళ్ళు మారిపోయారు. మనిషి తన గురించి అచ్చులో ఉన్నదాన్ని ఎంతసేపు ఎదిరించగలడో నేను జాగ్రత్తగా గమనిస్తూ వచ్చాను. కడప దాటేసరికి అన్వర్ బాషా చిన్నప్పుడు ఒక పెద్ద బావిలో దూకినట్టు చెప్పాడు. నెల్లూరు దాటాక ఆ బావి చెరువైంది. వెల్లకిలా ఈదడం మేలా, బోర్లా ఈదడం మేలా అని వెనక సీట్లలో వాదన మొదలైంది. రెండు పక్షాల వాళ్ళూ అనుభవం మీద మాట్లాడారు. నాకు కూడా ఒకసారి, కళ్ళు మూసుకున్నప్పుడు, నీళ్ళు నన్ను మోస్తున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిచి కిటికీ ఊచను గట్టిగా పట్టుకున్నాను.

ఒడ్డుకు చేరాం. ఒడ్డు అంటే నిజానికి ఒక రోడ్డు. అక్కడినుంచి ముందుకు రోడ్డు లేదు, ఎర్రటి నీళ్ళే ఉన్నాయి. నీళ్ళలో కరెంటు స్తంభాల తలలు, కొబ్బరి మొవ్వులు, దూరంగా కొన్ని డాబాలు. డాబాల మీద మనుషులు. అందరికంటే దగ్గర డాబా మీద ఒక నడివయసు ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మేకపిల్లను చంకన పెట్టుకుని, మమ్మల్ని చూస్తోంది.

మా బస్సులో వాదన ఆగిపోయింది. అంత నీటిని ఒకేచోట చూడటం మాలో చాలామందికి అదే మొదలు.

విరూపాక్షయ్య గారు రేకుపెట్టె పక్కన పెట్టుకుని, షామియానా కింద కుర్చీ వేయించుకున్నారు. ఏ పనైనా పెండింగు లేకుండా మొదలుపెట్టడం ఆయన పద్ధతి. "చిదానందప్ప అర్జీ ఒకటుండాది. ఇప్పుడు నీటి లభ్యత ఏర్పడినందున తీసుకుందాం," అన్నారు. సంఘంలో ఆయన, హరనాథ్ గారు, అన్వర్ బాషా సభ్యులు.

నేను చొక్కా విప్పుతుంటే మావాళ్ళు చుట్టూ మూగారు.

"అన్నా, నువ్వు మునిగితే మా అందరి పేజీలూ అబద్ధమైతాయి," అన్నాడు అన్వర్ బాషా, సభ్యుడిగా కాదు, స్నేహితుడిగా. "రొవ్వంత ఓర్చుకో. మునగాకు."

"మునగాకు అంటే మునగకుండా ఉంటాడా ఏందిరా?" అని ఓబులమ్మ అతన్ని నెట్టేసింది. "దిగొద్దు చిదానందా. మెమో ఇస్తే ఇయ్యనీ. మెమోతో ఎవురూ సావలేదు."

దిగకపోతే సాయంత్రం పడవలో పంపుతారు, మధ్యలో దించుతారు. ఇక్కడైతే ఒడ్డు దగ్గర. నా లెక్క అది. మోకాళ్ళదాకా నీళ్ళు వచ్చినప్పుడు భయాన్ని పరిశీలించాను. నడుముదాకా వచ్చినప్పుడు కూడా పరిశీలించాను. ఛాతీదాకా వచ్చాక పరిశీలించేవాడు ఎవడో కనిపించలేదు. కాలికింద రోడ్డు అయిపోయింది.

నా గురించి ఇన్నేళ్ళుగా నేను రాసుకున్నదాంట్లో ఒక్కటి కూడా ఆ నీళ్ళలో పనికిరాలేదు. బెంచీ మీద నేర్చుకున్నట్టే చేతులాడించాను. నీళ్ళు శిక్షణకు హాజరు కాలేదు, వాటికి ఏమీ తెలియదు. ముక్కులోకి, నోట్లోకి వచ్చాయి. ఒకసారి పైకి వచ్చినప్పుడు షామియానా కింద విరూపాక్షయ్య గారు ఏదో రాసుకుంటూ కనిపించారు. రెండోసారి కనిపించలేదు.

తర్వాత జుట్టు పట్టుకుని ఎవరో లాగారు. ఒడ్డు మీద బోర్లా పడేసి వీపు మీద చరిచారు. కళ్ళు తెరిస్తే డాబా మీది ఆవిడ. పేరు నూకరత్నం అని తర్వాత తెలిసింది. మేకపిల్లను అక్కడే వదిలి, దూకి, అంత నీటినీ ఈదుకుంటూ వచ్చింది.

"ఏవండీ, ఈత రానోరు ఎందుకు దిగేరండీ?" అంది, రొప్పుతూ. "మమ్మల్ని రక్షిస్తాకి వచ్చేరంటే అట్టా చూస్తా ఉన్నాను. ఇయ్యేం చోద్యాలండీ బాబూ!"

నేను నీళ్ళు కక్కుతుండగా సంఘం సమావేశమై నిర్ణయం ప్రకటించింది. విరూపాక్షయ్య గారు నిలబడి చదివారు.

"అభ్యర్థి నీటిలో ప్రవేశించెను. కొంత సమయం తరువాత నీటి నుండి సజీవముగా బయటకు వచ్చెను. కావున అభ్యర్థికి ఈత వచ్చునని సంఘము ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది."

"సార్, ఆమె లాగింది గదా!" అంది ఓబులమ్మ.

"ఆమె ఈ శాఖకు చెందినది కాదు. ఆమె చేసినదాన్ని మనం పరిగణనలోకి తీసుకోలేము." ఆయన వంగి నా భుజం తట్టారు. గొంతు మెత్తబడింది. "భేష్ చిదానందప్పా. ఇంగ నీ పేజీలో 'వరద నీటిలో పరీక్షించబడినది' అని చేర్చు. శుభవార్త కాబట్టి పాస్‌వర్డ్ ఇవ్వొచ్చు." రేకుపెట్టె తెరిచి, లక్కముద్ర పగలగొట్టి, నా కవరు నాకిచ్చారు.

ఓబులమ్మ నా ఫోను తెచ్చి ఇచ్చింది. కవరులో ఉన్న పాస్‌వర్డ్ కొట్టాను. నా పేజీ తెరిచాను. కుడివైపు 'మార్చు' అని ఉంది. సుద్దతో గీసింది కాదు, నిజం బొత్తాం. నొక్కాను. 'నాకు ఈత వచ్చు' అన్న మాటను ఒక్కొక్క అక్షరమే చెరిపాను. 'నాకు ఈత రాదు' అని రాశాను. రాసింది ఒకసారి చదువుకున్నాను. దిద్దాలని అనిపించలేదు.

అప్పుడు తెర మీద ఒక పట్టిక వచ్చింది. 'మార్పుకు కారణము ఎంచుకొనుడు. పదోన్నతి. బదిలీ. వివాహము. పదవీ విరమణ. మరణము.' నిజం అనే కారణం అందులో లేదు.

హరనాథ్ గారు నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నారని అప్పుడు గమనించాను. "ఇంకా కిందికి జరపండి," అన్నారు గుసగుసగా. "చివర్న 'ఇతరములు' అని ఉంటుంది. అది ఏ అధికారి ఆమోదానికీ పోదు. దాన్ని చూడాల్సిన సీటు మొదట్నుంచీ ఖాళీ."

నొక్కాను. 'మీ పుట తాజాపరచబడినది' అని వచ్చింది.

నా పేజీ మారిందన్న సందేశంతో విరూపాక్షయ్య గారి ఫోను మోగింది. చదువుకున్నారు. ముఖం ఎర్రబడింది. "ఏమిది? సంఘం నిర్ణయానికి విరుద్ధంగా... అసత్యం... నీ మీద మెమో..." అంటూ మాటలు వెతుక్కుంటున్నారు. అంతలో అక్కడి తహసీల్దారు ఒక కాగితం పట్టుకుని చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"పడవలు సిద్ధంగా ఉన్నాయండీ. మొదటి పడవకి ఆఫీసు పెద్ద నాయకత్వం వహించాలని పైనుంచి ఆదేశం. పడవ బోల్తా కొడితే ఈదుకుంటూ వెళ్ళి తాళ్ళు కట్టి రావాలి. విరూపాక్షయ్య గారంటే మీరేగా? మీ పేజీలో చూశానండీ, ఎంతటి నదినైనా దాటగలరని. రండి."

విరూపాక్షయ్య గారు నది వైపు చూశారు. ఒక కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా, తాపీగా, మా ముందునుంచి కొట్టుకుపోయింది. అది కనుమరుగయ్యేదాకా చూశారు. "ఒక్క నిమిషం," అన్నారు తహసీల్దారుతో. వచ్చి బురదలో నా పక్కన కూర్చున్నారు. ఆయన అలా నేల మీద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పెట్టెలోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకొచ్చిన తన కవరును తానే చించుకున్నారు.

"చిదానందప్పా," అన్నారు, పెదవులు కదలకుండా. "ఆ ఇతరములు యాడుందో రొవ్వంత చూపిచ్చు."

చూపించాను. ఆయన కూడా 'వచ్చు' చెరిపి 'రాదు' అని కొట్టారు. నొక్కారు. నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషిలా ఊపిరి తీసుకున్నారు.

"తహసీల్దార్ గారూ," అన్నారు లేచి, పంట్లాం దులుపుకుంటూ. "మా పుటలు తాజాపరచబడినవి. మాకెవరికీ ఈత రాదు."

తహసీల్దారు చేతిలోని కాగితం మళ్ళీ మొదట్నుంచి చదవసాగాడు. నూకరత్నం అతన్ని దాటుకుని వెళ్ళి పడవ తాడు విప్పింది.

"ఇయ్యి మాకు వదిలేయండి బాబూ. మా ఊరు మాకు తెలుసు. మీరు ఆ రొట్టెల పొట్లాలు అందియ్యండి చాలు. ఓరేయ్ సూరీ, ఆ డాబా కాడినుంచి ఇటొచ్చేయ్!" అని కేక పెట్టింది. డాబాల మీదినుంచి ముగ్గురు నలుగురు దూకారు. ఈదుకుంటూ వచ్చి పడవలెక్కారు. వాళ్ళలో ఎవరికీ పేజీలు లేవు.

నేను వెనక్కి తిరిగాను. మావాళ్ళంతా రేకుపెట్టె చుట్టూ చేరి, ఫోన్లు పైకెత్తి పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ కవర్ల కోసం చేతులు చాస్తున్నారు. అందరికంటే ముందు అన్వర్ బాషా ఉన్నాడు. ఓబులమ్మ అతని కాలరు పట్టుకుని వెనక్కి లాగుతోంది. విరూపాక్షయ్య గారు పెట్టె మూత మీద ఒక చెయ్యి వేసి, రెండో చెయ్యి పైకెత్తారు.

"తోసుకోగాకండప్పా. సీనియారిటీ ప్రకారం రాండి."